పద్దులో రాయని బస్తాలు

యాకీ లోయలో ఎరువుల కొట్టు గుమాస్తాని.
ముప్పై ఏళ్ళుగా చేతులకి ఒకటే వాసన.
జనవరిలో గోధుమ పిలకలు వేసే వేళకి
పద్దు పుస్తకం చంకన పెట్టుకుని
చేను చేనుకీ తిరుగుతాను.
"ఈసారెన్ని?" అంటాను.
అంతకు మించిన పలకరింపు నాకు రాదు.

ఎపిఫానియా బుయితిమేయా నన్ను గట్టు మీదే నిలబెట్టింది.
"ఎన్నో తరవాత. ముందు ఇటు చూడు.
ఈ చేలో ఒక్క పట్టీకి
విత్తిన నాడే కడుపునిండా పెట్టాను,
మా నాన్న పెట్టినట్టు, నువ్వు పెట్టమన్నట్టు.
మిగతాదానికి పిడికెడు.
ఏది తిన్నదో, ఏది పస్తున్నదో చూపించు."

చూశాను.
బోదెల మీద జంట వరుసలు,
నడుమ చాళ్ళలో పల్చగా పాకుతున్న నీళ్ళు,
ఆ నీళ్ళలో ఒంటికాలి మీద కొంగ.
అంతా ఒకటే పచ్చ.
మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆకు తుంచి నమిలాను కూడా.
ముప్పై ఏళ్ళ అనుభవానికి
పన్నెండు చాళ్ళు దొరకలేదు.

వాళ్ళ చిన్నది రెఫూహియో
కర్రకి కట్టిన యంత్రమొకటి చేనంతా మోసుకు తిరిగింది,
పచ్చదనాన్ని అంకెల్లో చెబుతుందట.
తిన్న పట్టీకి డెబ్బై ఎనిమిది.
తినని చేనుకి డెబ్బై ఆరు.
"ఈ రెండు కోసం
నలభై బస్తాలా?" అంది తల్లి.

"మరి పొట్ట తెల్లబడితే?" అన్నాను,
ఓడిపోతున్న బేరగాడి ఆఖరి మాట.
ఇక్కడ అందరూ ఎరిగిన భయమే:
ఆకలితో ఎదిగిన గింజకి
తేనెరంగు గాజుమెరుపు పోయి
కడుపు మీద సున్నం మచ్చ పడుతుంది.
మిల్లువాడు గుప్పెడు తీసి, గింజని రెండుగా కోసి,
ముందు పెదవి విరుస్తాడు, తరవాత ధర.

ఆమె నవ్వలేదు. ఆ భయం ఆమెకీ ఉంది.
"వెన్ను పూతకొచ్చాక
ఆఖరి తడితో కొంచెం పెడతా.
ఆరు రాసుకో."
రాసుకున్నాను.
ఆరు అంత ఒంటరిగా
నా పుస్తకంలో ఎన్నడూ నిలబడలేదు.

మార్చిలో ఒక రాత్రి గాలి వీచింది.
ఆ పట్టీ ఏదో తెల్లారి దారిన పోయేవాడికి కూడా తెలిసింది.
కడుపునిండా తిన్న పన్నెండు చాళ్ళూ
పెళ్ళిభోజనం చేసినవాళ్ళలా
ఒకదాని మీద ఒకటి వాలి పడుకున్నాయి.
పక్కన చేను నిలబడే ఉంది,
కాస్త విసుక్కుంటూ.

దిగుబడా? నిరుడంతే.
ఎక్కువని ఆమె అనలేదు, నేనూ అనను.
వంద గింజల్లో తెల్ల పొట్టలు ఏడు.
మిల్లువాడు మళ్ళీ లెక్కపెట్టాడు. ఏడే.
బండి లోపలికి రానిచ్చాడు.

మా బావమరిది ఎలియోడోరో అఖాతంలో రొయ్యలు పడతాడు.
ఏటా మా చేలకి తడి పెట్టిన కొన్నాళ్ళకి
సముద్రం చిక్కటి పచ్చగా మారుతుందని తిడతాడు.
"మీ గోధుమ ఒదిలేసిన కూడు
మా నీళ్ళు తింటున్నాయి" అంటాడు.
నేను నవ్వి వలలో నాచు దులిపేవాణ్ణి.

ఆ రాత్రి పాత పద్దులు దించాను.
అమ్మినవి అన్నీ ఉన్నాయి, పైసాతో సహా.
చేను తిన్నదెంత, సముద్రం తిన్నదెంత,
ఆ గడి ఏ పుటలోనూ గీయలేదు.

మళ్ళీ జనవరి.
నికనోర్ ట్రాక్టరు ఆపకుండానే కేకేశాడు:
"నలభై! ఎప్పటిలాగే!"
కలం తీశాను. నాలుగు వేశాను.
సున్నా చుట్టబోయి ఆగాను.
కొట్టు యజమాని వింటే
ఆ సాయంత్రమే నా లెక్క తేల్చేస్తాడు.
అయినా ట్రాక్టరు చప్పుడుకి పైగా అరిచాను:
"పట్టీ ఏమైనా వదిలావా, నికనోర్?"

వినబడలేదనుకుంటాను.
ఇంజను ఆపి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని
కిందికి దిగుతున్నాడు.